మూడో గేరు నిలవని బండి

మా లారీకి మూడో గేరు నిలవడం మానేసింది. వేస్తే పడుతుంది. పడ్డట్టే ఉంటుంది. బరువు మీద కాస్త ఎత్తు ఎక్కగానే టక్కున జారిపోతుంది. గేరు రాడ్డు దానంతట అదే ముందుకు దూకుతుంటే, కనపడని మనిషి ఎవడో పక్కన కూర్చుని తోసినట్టుంటుంది. దీనికి మా దిక్కు డ్రైవర్ల దగ్గర ఒక నాటు మందు ఉంది. పాత ట్యూబును పట్టీలా కోసి, ఒక కొస సీటు కింది ఇనుముకు కట్టి, మూడో గేరు వేసిన వెంటనే రెండో కొసను రాడ్డుకు తగిలిస్తారు. ఆ రబ్బరు రాడ్డును గుంజి పట్టుకుంటుంది. తలనొప్పికి తువ్వాల బిగించి కట్టుకున్నట్టే. నొప్పి పోదు, పని నడుస్తుంది. మేము కూడా ఆ పట్టీతోనే ఒక పసుపు పంట కాలమంతా నెట్టుకొచ్చాం.

తోలింది నేను కాదు, నా అల్లుడు. క్లచ్చి తొక్కడం మా వల్ల కాదని నా మోకాళ్లు తేల్చి చెప్పాక బండిని అతని చేతికి ఇచ్చాను. పక్క సీట్లో కూర్చుని పోవడం మాత్రం మానలేదు. అల్లుడు అంతకుముందు గల్ఫులో పెద్ద ట్రాలీ బండి తోలేవాడు. కోరుట్లలో ఏ వాడకు పోయినా అట్లాంటి మనిషి ఒకడు ఉంటాడు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, సెలవు మీద వచ్చినవాడు ఈసారి తిరిగి పోలేదు. "మామా, ఇగ గాడికి పోబుద్ధి అయితలేదు. మన బండి మనమే నడుపుకుందాం" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి వాళ్లిద్దరి కాపురం ఎక్కువగా ఫోనులోనే నడిచింది. ఇద్దరూ కలిసి ఒక వానకాలం మొదటి నుంచి చివరి దాకా చూసింది లేదని నా బిడ్డ ఒకసారి వాళ్ల అమ్మతో అంటుంటే విన్నాను.

అయితే అక్కడి దోస్తు ఫోను చేస్తూనే ఉన్నాడు. వీసా తయారుగా ఉంది, ఊఁ అంటే చాలు. అల్లుడు ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. "బండి సంగతి తేలనీ" అంటున్నాడు. అటు బండి చూస్తే ఇట్లా ఉంది. నా బిడ్డ నా వెనక వెనక తిరిగింది.

"బాపూ, బండి ఆగితే ఈయన ఆగడు. నువ్వు ఎట్లనన్న జెయ్యి."

కాబట్టి ఆ గేరుబాక్సును విప్పి బాగు చేయించాలా, తీసి అవతల పారేసి ఇంకోటి బిగించాలా అన్నది మా ఇంట్లో ఉత్త ఇనుము ముచ్చట కాదు.

ఇంక ఆలోచించడానికి లేదని రుద్రంగి గడ్డ ఎక్కుడు మీద తెలిసింది. కోరుట్లలో మక్కజొన్న బస్తాలు నింపుకుని సిరిసిల్లకు పోతున్నాం. ఎక్కుడు సగంలో ఉండగా అల్లుడు మూడుకు మార్చాడు, పట్టీ తగిలించాడు. నాలుగు గజాలు ఎక్కామో లేదో రబ్బరు పట్టీ పట్టున తెగి నా చెవి పక్క నుంచి పోయింది. గేరు జారింది. బండి ఒక్క క్షణం గాలిలో ఆగినట్టు ఆగి, వెనక్కి కదిలింది. అల్లుడు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. ఆ తొందరలో అతని కుడిచెయ్యి ఎందుకో పక్క తలుపుకు ఠక్కున తగిలింది. భయానికి అనుకున్నాను. నా మోకాళ్ల సంగతి మరిచి కిందికి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాను. మా వెనక ఒక ఆటో. దాని నిండా మనుషులు.

"ఓ తాతా!" అని ఆటోవాడు అరిచాడు. "లారీ ముందటికి తోల్తున్నరా, ఎనుకకు తోల్తున్నరా?"

"నువ్వు ముందుగాల బతికినవో లేదో సూస్కోరా!" అన్నాను. "బతికితే గింత అటు జరుగు."

లోపల అల్లుడు స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. కుడిచేతి కణుపుల మీద చర్మం లేచి ఉంది. ఆ చేతి మీద ఎప్పుడూ అట్లాంటి గీతలు ఏవో ఉండేవి. పని చేసిన చేతులకు ఉంటాయిలే అని నేను పట్టించుకోలేదు.

మెల్లగా, రెండో గేరులోనే, ఎద్దుబండి కంటే నిదానంగా సిరిసిల్ల చేరాం. దించి, ఖాళీ బండితో కోరుట్ల వచ్చి, నేరుగా మిస్త్రీ షెడ్డుకు తీసుకుపోయాం.

ఆ మిస్త్రీకి నా వయసే. మేమిద్దరం మీసాలు రాక ముందు నుంచి ఎరుగుదుం. అతని ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, కోపం వస్తే రెండూ. బండి కిందికి దూరి, బాక్సు అడుగున బిరడా విప్పి, కాస్త నూనె అరచేతిలో పట్టుకుని ఎండలోకి వచ్చాడు. బొటనవేలితో రుద్ది చూశాడు. నూనెలో మెరుపు.

"పసుపు మెరుపు ఉన్నది, తెల్ల మెరుపు ఉన్నది అన్నా. ఇత్తడి అరిగింది, ఉక్కు గూడ అరిగింది" అన్నాడు. "దో రస్తే ఉన్నయి. ఒకటి, బాక్సు దించి ఖోల్త. మూడో గేరు జోడీ మార్చాలె. బేరింగులు ఎట్లున్నయో ఖోల్తెగాని తెల్వది. టైం పడ్తది. రెండోది, జగిత్యాలల పాత బండ్లు కోసేటి కాడ ఇసొంటి బాక్సే దొరుకుతది. గిది దించుడు, గది ఎక్కిచ్చుడు. జల్ది రోడ్డెక్కుతరు."

"రెండోదే మంచిగుంది ఉస్తాద్" అని అల్లుడు వెంటనే అన్నాడు. "గిది ముసల్ది. దీన్ని ఎంత కోసి కుట్టినా ఏం ఫాయిదా?"

"ముసల్దైతే పారేస్తరా?" అన్నాను.

"నిన్ను అంటలేను మామా."

"నన్నంటే ఊకుంటనా?"

మిస్త్రీ నవ్వాడు. అల్లుడు నవ్వలేదు. "జోడీ ఎందుకు, అరిగిన ఒక్క గేరు మారిస్తె నడ్వదా?" అని అడిగాడు.

"కొత్త కోడల్ని, ముసలి అత్తను తెచ్చి ఒకటే పొయ్యి కాడ కూసోబెట్టినట్టయితది. నాల్గొద్దులల్ల ఒగల పండ్లు ఒగలు రాలగొట్టుకుంటరు. అరిగిన పండ్లకు అరిగిన పండ్లే దోస్తులు, కొత్తయాటికి కొత్తయి. మార్చితే రెండు మార్చాలె."

నాకు విప్పించాలనే ఉంది. నా బాక్సు, నేను ఎరిగిన బాక్సు, అంతే. కానీ నా ఇష్టమే నెగ్గించుకుంటే అల్లుడు ఏమనుకుంటాడో అని, "సరే, ముందుగాల జగిత్యాల పోయి సూద్దాం" అన్నాను.

బండిని మా ఇంటి సందు మొగదల నిలిపి, తెల్లారి బస్సులో పోయాం. పాత లారీలను ముక్కలు చేసి అమ్మే చోట, వరసగా పేర్చిన గేరుబాక్సుల్లో మా బండికి సరిపోయేది ఒకటి దొరికింది. పైన కడిగి, రంగు పూసి ఉంది. అల్లుడు దాని ముందు షాఫ్టు పట్టుకుని తిప్పాడు. సప్పుడే లేదు.

"మామా, సూడు. ఎన్నపూస లెక్క తిరుగుతుంది" అన్నాడు. ఆ ముఖంలో చాన్నాళ్లకు ఒక వెలుగు. కొనేద్దామని నాకూ ఒక్క క్షణం అనిపించింది.

అంత పాత బాక్సు అంత మౌనంగా తిరగకూడదు. పక్కన బిరడా విప్పమని అడిగి, చిటికెన వేలు లోపల పెట్టి తీశాను. నూనె ముద్దలా వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే పొట్టు తగిలింది. వాసన చూశాను. కట్టె వాసన. రంపపు పొట్టు నూనెలో కలిపి పోస్తే అరిగిన గేరు కూడా కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది. అమ్ముకునేదాకా చాలు.

"దీనికి గొంతుల గుడ్డ కుక్కినవు గదరా" అన్నాను అమ్మేవాడితో.

"పెద్దమనిషీ, కొనేదుంటె కొను. వాసన సూసుటానికి గిదేమన్న మామిడిపండా?"

"మామిడిపండైతే గింత సేపు సూడకపోదును. తియ్యగుందో పుల్లగుందో తినే చెప్తుంటి."

అల్లుడు నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. కోరుట్ల వస్తుండగా నోరు విప్పాడు.

"గాడ బండి ఖరాబైతే మాపటికల్లా కొత్త బాక్సు పడ్తది మామా. ఎవ్వడు ఏలు వెట్టి వాసన సూడడు."

"గాడ బండి నీది కాదు గదా."

మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. తర్వాత, నాతో కాదు, కిటికీతో అన్నట్టు అన్నాడు. "గాడ నేను మంచి డ్రైవర్ను. అడుగు, ఎవర్నన్న అడుగు. గీడికొచ్చినంకనే ఏందో..."

మాట అక్కడే వదిలేశాడు. నేను కూడా పట్టుకోలేదు. దిగేటప్పుడు మాత్రం, "బండి నీది మామా. ఎట్లంటే అట్లనే. రేపో మాపో గాడికి ఏందో ఒకటి చెప్పాలె నేను" అన్నాడు. గాడికి అంటే గల్ఫుకు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అల్లున్ని ఏమన్న అంటివా?"

"అనలే."

"అన్నట్టే ఉన్నది ఆ పోరని మొకం. ఊరందర్ని అను, నన్ను అను, పడ్త. అల్లున్ని గిట్ల అంటివో, గీ చాటతోనే ఇచ్చుకుంట."

ఇది ఆమె ఒక్కదాని మాట కాదు. మాలో అల్లుణ్ణి ఎవరూ ఏమీ అనరు. కూరలో ఉప్పు లేదని అల్లుడు అంటే అత్త ఏడుస్తుంది గానీ, అల్లుడి తప్పు మామ నోట రాకూడదు. నేను నోటి దురుసు మనిషిని. నా నోటికి దొరకనివాడు ఊళ్లో లేడు. ఈ ఒక్కడితో మాత్రం అన్నాళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున బండిని షెడ్డులో వదిలే ముందు బస్తాల మీద కప్పే తాటిపత్రీ, పానాలు దించి పెడదామని ఎక్కాను. చాన్నాళ్లకు డ్రైవరు సీట్లో కూర్చున్నాను. కుడి మోచేతికి ఏదో మెత్తగా తగిలింది. చూస్తే, తలుపు లోపలి వైపు, అద్దం దించే పిడి చుట్టూ పాత చీర గుడ్డ. నాలుగైదు మడతలు పెట్టి బొంత కుట్టినట్టు కుట్టి, దారాలతో పిడికి గట్టిగా కట్టి ఉంది. ఆ కుట్టు నాకు తెలుసు. నేను కప్పుకునే బొంత మీద ఉన్నదీ అదే.

ఆ మెత్తటి గుడ్డ మీద నా కుడిచెయ్యి ఆనించాను. గేరు రాడ్డు పట్టుకునే ఎత్తులోనే ఉంది. అప్పుడు తెలిసింది నాకు. అక్కడి బండ్లకు స్టీరింగు ఎడమ దిక్కు ఉంటుంది. గేరు కుడిచేతికి ఉంటుంది. అన్నేళ్లు కుడిచేత్తో గేరు వేసిన మనిషి ఇక్కడికి వచ్చి, గేరు అనుకోగానే ముందు కుడిచెయ్యే లేపుతున్నాడు. అది తలుపుకు కొట్టుకుంటోంది. ఆ తర్వాత ఎడమచెయ్యి పోతోంది. ఈ సందులో బండి ఊపు తగ్గుతుంది, బరువు మీద ఉంటే ఇంకా తగ్గుతుంది. దాంతో కంగారుపడి, అలవాటు లేని చేత్తో రాడ్డును తన వైపుకు ఏటవాలుగా గుంజుతాడు. గేరు సగం కూర్చుంటుంది. సగం కూర్చున్న గేరు జారుతుంది. జారిన కొద్దీ పండ్లు అరుగుతాయి.

పానాలు అక్కడే వదిలి ఇంటికి వచ్చాను. నా బిడ్డ దండెం మీద బట్టలు ఆరేస్తోంది.

"తలుపుకు ఆ బొంత ఎవరు కుట్టిండ్రు?"

చేతిలో తడి బట్ట అట్లాగే పట్టుకుని నిలబడింది. "నేనే."

"నీకు ఎట్ల ఎర్క?"

"మొన్న ఎములాడ గుడి దర్శనానికని బండిలనే తీస్కపోయిండు గదా బాపూ. పక్కపొంటి కూసొని సూస్తనే ఉన్న. గేరెయ్యాలంటే ముందుగాల గా చెయ్యి లేస్తది. ఠక్కున తాకుతది. అప్పుడు యాదికొచ్చి గీ చెయ్యి పోతది. మీరు సిరిసిల్ల పోయొచ్చిన్నాడు గా చేతికి తోలు లేసుండంగ సూసి, గా రాత్రే కుట్టి కట్టిన. రోజు గిట్లనే తోలుకపోతే చేతికి పుండు కాదా?"

"మరి ఆయనకు చెప్పకపోతివి."

"చెప్తే? నా చెయ్యి గాడనే మంచిగ పనిజేస్తది, గాడికే పోత అంటడు. ఊకెనే బొంత కుట్టి ఊకున్న. తలుపు గరుకున్నది, అందుకే కట్టిన అని చెప్పిన."

"నాకన్న చెప్పకపోతివి."

"నీకు చెప్తే నువ్వు ఊకుంటవా బాపూ?"

నేను ఊకోను. అది నిజమే. ఇప్పుడు ఏం చేయాలో తోచలేదు. కొత్త బాక్సు వేయించినా ఆ చెయ్యి దాన్నీ తింటుంది, పాతది బాగు చేయించినా తింటుంది. చెబితే పోతాడు. చెప్పకపోతే బండి మళ్లీ ఆగుతుంది, అప్పుడూ పోతాడు. దండెం కింద అట్లా నిలబడ్డాను. నా బిడ్డ బట్ట విదిలించి ఆరేసి, నా వైపు తిరిగింది.

"నీకు నేను అ ఆ నేర్పినప్పుడు ఒక్కపారన్న తప్పు అన్ననా?"

అనలేదు. నా తల నెరిశాక నేర్చుకున్నాను నేను. అంతవరకూ ఊరి పేర్లను బోర్డుల రంగుని బట్టి, పక్కనున్న చెట్టుని బట్టి గుర్తుపట్టేవాడిని. బడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న ఈ పిల్లే ఒక రోజు నా చేతికి బలపం ఇచ్చింది. స్టీరింగు పట్టిన చెయ్యి అది. పలక మీద ఆనిస్తే బలపం పుటుక్కున విరిగేది. ఎన్ని విరిచానో. ఇట్లా కాదు అని ఆమె ఎప్పుడూ అనలేదు. నా చేతి మీద తన చెయ్యి పెట్టి, మెల్లగా తిప్పేది. చెయ్యి తీసేశాక కూడా నా చెయ్యి అట్లాగే తిరిగే దాకా కూర్చునేది.

"నీకు నేను నేర్పిన. ఆయనకు నువ్వు నేర్పు" అని ఖాళీ బక్కెట తీసుకుని లోపలికి పోయింది.

అల్లుడితో బండి తోలించుకుని షెడ్డుకు పోయి మిస్త్రీతో చెప్పాను. "బాక్సు ఖోల్దాం భాయ్. ఇంకోటి వద్దు. కానీ గేర్లు అల్లుడే కడగాలె."

వెనకటికి ఆ షెడ్డులో అదే రివాజు. తోలినవాడే తన గేర్లు కడిగేవాడు. మిస్త్రీ ముక్క ముక్క విప్పి పరిస్తే, డ్రైవరు కూర్చుని డీజిలులో ఒక్కొక్కటి కడిగి వరసలో పెట్టాలి. తిట్లు లేకుండానే ఎవడు చేసింది వాడికి కనపడేది. ఈ మధ్య బండి వదిలి పోయి, అయ్యాక ఫోను చేయండి అంటున్నారు కాబట్టి ఆ రివాజు పోయింది. మిస్త్రీ నా ముఖం చూశాడు. అల్లుడి కుడిచేతి కణుపులను అతను నాకంటే ముందే చూసి ఉంటాడని నా అనుమానం. "మంచిది. తోలినోడే కడగాలె" అన్నాడు.

అల్లుడికి ఇష్టం లేదు. అయినా మామ మాట కాదనలేదు. బాక్సు దించారు, విప్పారు. సగం కోసిన డబ్బాలో డీజిలు పోసుకుని కూర్చుని కడగడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా పాత టైరు మీద కూర్చున్నాను. ఒక్కొక్క గేరు తుడిచి గోనె మీద పెడుతున్నాడు. రెండోది పెట్టాడు. నాలుగోది పెట్టాడు. మూడోది చేతిలోనే ఉంచుకున్నాడు. దాని పక్కనుండే చిన్న పండ్లు, గేరు కూర్చున్నప్పుడు పట్టుకునేవి, అంచుల దగ్గర గుండ్రంగా అరిగి ఉన్నాయి. లోపలి సగం మాత్రం కొత్తదానిలా పదునుగా ఉంది. ఆ సగం దాకా ఎప్పుడూ పోనే లేదన్నమాట. బొటనవేలు ఆ అంచు మీద రెండుమూడు సార్లు పోనిచ్చాడు. మిస్త్రీ ఏదో పానా వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

"మామా."

"ఆఁ."

"మిగతయన్ని మంచిగనే ఉన్నయి. గిదొక్కటే... గిది పూరా కూసోలే. సగంలనే ఆగింది." తన ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "గిది నా చెయ్యే గదా?"

కాదు అల్లుడా, బండి పాతది, నీ తప్పేముంది అనాలి మామ. అదే మర్యాద. మిస్త్రీ పానా వెతకడం ఆపాడు. నా కళ్ల ముందు నా భార్య చాట కూడా కదిలింది.

"అవును" అన్నాను. "నీ చెయ్యే."

అల్లుడు గేరును డీజిలులో ముంచి మళ్లీ కడిగాడు. కడిగిందే కడిగాడు.

"నీకు ఎన్నడు ఎర్కైంది?"

"పొద్దుగాల."

"మరి పొద్దుగాలనే చెప్పకపోతివి."

"అల్లునివైతివి. కొడుకువైతే రుద్రంగి గడ్డ మీదనే అడుగుతుంటి, చెప్పుతోని."

మిస్త్రీ పకపకా నవ్వాడు. పానా చేతిలో నుంచి జారి కాలి మీద పడబోయింది. అల్లుడు ముందు తల వంచుకున్నాడు, తర్వాత అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఇంకేమిటో మొదట తెలియలేదు. తల ఎత్తితే నవ్వే.

"కొడుక్కు చెప్పినట్టే చెప్పు మరి" అన్నాడు.

కొత్త జోడీ నిజామాబాదు నుంచి బస్సులో వచ్చేదాకా ఆగాలి. వచ్చాక మిస్త్రీ బాక్సును కూర్చి, బండికి ఎక్కించే ముందు ఒక మంచి పని చేశాడు. పై మూత బిగించకుండా, బాక్సును ఎత్తు పీట మీద పెట్టి, గేరును జరిపే ఫోర్కుకు ఒక ఇనుప కడ్డీ తగిలించి ఇచ్చాడు. అల్లుణ్ణి కుడి పక్కన డబ్బా మీద కూర్చోబెట్టాడు. ఎడమచేత్తో జరిపితే లోపల ఫోర్కు కదలడం, గేరు పోయి కూర్చోవడం కళ్లకు కనపడుతుంది. సగం కూర్చుంటే ఎట్లా ఉంటుందో, పూర్తిగా కూర్చుంటే ఎట్లా ఉంటుందో కూడా. ఇంకో బాక్సు తెచ్చి బిగించి ఉంటే ఇది ఉండేది కాదు. విప్పించింది మంచిదైందని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

మొదట అతను ఒక్కడే జరిపాడు. పది సార్లకు ఆరు సార్లు సగంలో ఆపాడు. నేను లేచి అతని వెనక నిలబడి, అతని ఎడమచేతి మీద నా చెయ్యి పెట్టాను. పెండ్లినాడు కాళ్లు కడిగినప్పుడు తప్ప నేను అతణ్ణి తాకింది లేదు. చెయ్యి బిగుసుకుపోయింది మొదట. నేను ఏమీ అనలేదు. అతని చేతితోనే కడ్డీని నిటారుగా, మెల్లగా వెనక్కి తీసుకుపోయాను. ఖట్ మని కూర్చుంది.

"మామా, నీ చెయ్యి బరువున్నది."

"అలవాటు చేస్కో. జల్ది తియ్యను."

ఎక్కించాక ఖాళీ బండిని ఊరి బయట మైదానంలో తిప్పాం. కుడిచెయ్యి లేచినప్పుడల్లా నేను గట్టిగా దగ్గేవాణ్ణి. సాయంత్రం అయ్యేసరికి అతను నన్ను వెక్కిరించడం నేర్చాడు. చెయ్యి లేవబోతే తనే దగ్గి, దించేసేవాడు.

ఆ తర్వాత మక్కలు నింపుకుని మళ్లీ సిరిసిల్ల దారి పట్టాం. రుద్రంగి ఎక్కుడు మొదలవుతుండగా అద్దం ముందర పెట్టిన ఫోను మోగింది. గల్ఫు నెంబరు.

"ఎత్తకు మామా" అన్నాడు, చూపు రోడ్డు మీద నుంచి తీయకుండా.

ఫోను మోగుతూనే ఉంది. బండి బరువు మీదికి వచ్చింది. ఇప్పుడు మార్చాలి. అతని కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి లేచింది. బెత్తెడు లేచి, గాలిలో ఆగింది. నేను దగ్గలేదు. దగ్గు గొంతు దాకా వచ్చింది, మింగాను. ఆ చెయ్యి మళ్లీ స్టీరింగు మీద వాలింది. ఎడమచెయ్యి పోయింది. ఖట్. రాడ్డు కదల్లేదు. రబ్బరు పట్టీ లేదు, ఏమీ లేదు. పైకి ఎక్కేదాకా ఆ రాడ్డునే చూస్తూ కూర్చున్నాను. ఫోను ఎప్పుడు ఆగిందో తెలియదు.

సిరిసిల్లలో బస్తాలు దించుతుండగా, మగ్గాల సప్పుడు వినపడే ఒక గల్లీ మొగన చాయ తాగాం. అక్కడ మాట మాటకు అరవాలి. అల్లుడు గ్లాసు కింద పెట్టి, తనే ఫోను చేశాడు. అరిచి చెప్పాడు కాబట్టి నాకూ వినపడింది, గల్లీకీ వినపడింది.

"నేను రాను భాయ్! ఆఁ, రాను. నా జాగల ఇంకెవల్నన్న సూస్కో. బండి మంచిగైంది. చెయ్యి గూడ అయితుంది!"

ఆ చివరి మాట అవతలివాడికి ఏమర్థమైందో. నేను గ్లాసు ఖాళీ చేసి, ఇంకో చాయ చెప్పాను.

బాక్సు ఇప్పటికీ మరీ గొప్పగా ఏమీ లేదు. రెండో గేరులో తుమ్మెదలా ఒక రొద ఉంటుంది. మిస్త్రీ దాన్ని బేరింగు అంటాడు, నేను ముసలితనం అంటాను. మూడోది మాత్రం నిలిచింది. ఆ వీసా మీద మెట్‌పల్లి పిల్లవాడు ఎవరో పోయాడని విన్నాం. ఇక్కడ ఎడమచేత్తో తోలినవాడు. ఇప్పుడు అక్కడ అతని కుడిచెయ్యి నేర్చుకుంటూ ఉంటుంది. పక్కన కూర్చుని దగ్గేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో.

అలసిపోయిన రోజు మా అల్లుడి చెయ్యి ఇంకా లేస్తుంది. ఒక్కోసారి తలుపుకు తగులుతుంది కూడా. ఆ బొంత గుడ్డను ఈమధ్య తనే విప్పి తెచ్చి నా బిడ్డ చేతికి ఇచ్చాడు.

"వద్దిగ. మెత్తగుంటే యాదికుంటలేదు."

ఆమె దాన్ని ఉతికి ఆరేసింది. ఇప్పుడు దాంతోనే పొయ్యి మీది అన్నం గిన్నె దించుతున్నారు.